తుప్పు, తెల్ల దుప్పట్లు, గుడ్ ఫ్రైడే: మందిరంలో ఒక వింత పని చేసిన నా అనుభవం

"కమిటీ ఎలా ఒప్పుకుంది?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్నది ఇదే. మా చర్చి కమిటీ ఒప్పుకుంది, కాకపోతే నెమ్మదిగా, షరతుల మీద, ఒక్కొక్కరూ ఒక్కో కారణంతో. మందిరంలో నలుగురూ చూసే బొమ్మలకు భిన్నంగా ఏదైనా చేయాలని మనసులో ఉన్నవాళ్ళకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పని ఇది. సంఘంలోని కుటుంబాల నుంచి పాత తెల్ల నూలు దుప్పట్లు తీసుకోవాలి. వాటి మీద ఇనప మేకులు, బద్దలు, గొలుసులు పేర్చి వెనిగర్ నీళ్ళతో తడిపి తుప్పు అచ్చులు తీయాలి. అన్నీ కలిపి కుట్టి పైనుంచి కిందికి ఒకే పరదాగా వేలాడదీయాలి. దూరం నుంచి చూస్తే మేకుల అచ్చులన్నీ కలిసి సిలువ ఆకారం లీలగా తెలుస్తుంది. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం ఆరాధన జరుగుతుండగా దాని మీద చిక్కటి టీ డికాషన్ చల్లితే, తుప్పులోని ఇనుమూ టీలోని టానిన్ అనే వగరు పదార్థమూ కలిసి గుడ్డ అందరి ముందే నల్లబడుతుంది. మధ్యాహ్నం నుంచి మూడు గంటల వరకు దేశమంతా చీకటి కమ్మిందని మత్తయి రాసిన మాటకు నాకు తోచిన రూపం అది. అందులో మనిషి బొమ్మ ఉండదు.

2025 జనవరి 12, ఆదివారం. ఆరాధన అయ్యాక మా పాస్టరు అయ్యగారికి చెప్పాను. ఆయన చివరిదాకా విని, "రాసి ఇవ్వమ్మా, కమిటీలో పెడతాను" అన్నారు. ఒక పేజీ రాసి ఇచ్చాను. అందులో బెసలేలు ప్రస్తావన పెట్టాను. నిర్గమకాండం 31లో దేవుడు తన ఆత్మతో నింపానని పేరు పెట్టి చెప్పిన పనివాడు. క్రైస్తవ కళాకారులం అందరం ఎక్కే మొదటి మెట్టు అదే కదా. తర్వాత మూడు వారాలు ఏ కబురూ లేదు. ఆదివారం అయ్యగారు ఎదురైతే పలకరింపు అయ్యాక నేనే పక్కకు తప్పుకునేదాన్ని, తొందరపెడుతున్నానని అనుకుంటారేమోనని. కాదంటే బాధపడి ఊరుకుంటాం. ఏమీ చెప్పకపోతే రోజూ మనసులో వాదించుకుంటూనే ఉంటాం. నాకు వాదన ఎక్కువైంది, నిద్ర తక్కువైంది.

ఫిబ్రవరి 9న కమిటీ పిలిచింది. మొదటి అభ్యంతరం పది ఆజ్ఞల్లో రెండోది: దేని రూపమునైనను చేసుకొనకూడదు. ఇందులో రూపం లేదని చెప్పాను. వెంటనే ఇంకొకరు, "మరి యేసయ్య లేని సిలువ ఏంటి? చూసినవాళ్ళకు ఏం అర్థమవుతుంది?" అన్నారు. బొమ్మ ఉంటే విగ్రహం అంటారు, లేకపోతే ప్రభువు లేడంటారు. ఈ రెండు మాటలూ ఒకే బల్ల దగ్గర, ఐదు నిమిషాల తేడాతో వినాల్సి ఉంటుందని ముందే తెలుసుకుని వెళ్ళండి.

మూడోది తుప్పు మీద. లెక్కలు చూసే పెద్దాయన "చిమ్మెటయు తుప్పును తినివేయును" అన్న వాక్యం ఎత్తారు. చెడిపోవడానికి గుర్తుగా చెప్పిన దాన్ని మందిరంలో వేలాడదీయడం ఏమిటని. నేను ఈసెన్‌హైమ్ బలిపీఠ చిత్రం ముద్రణ ఒకటి తీసుకెళ్ళాను. 1512-1516 మధ్య జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ వేసింది. సెయింట్ ఆంథోనీ జ్వాల అనే రోగంతో బాధపడేవాళ్ళను చూసుకునే మఠం కోసం వేసిన చిత్రం అది. అందులో క్రీస్తు ఒంటి నిండా పుండ్లు, ముళ్ళు, పచ్చబారిన చర్మం. రోగులు చూసిన క్రీస్తు అతనే. కాగితం చేతులు మారింది. ఇద్దరు చూసీ చూడనట్టు పక్కవాళ్ళకు ఇచ్చేశారు. "అతనికి సురూపమైనను సొగసైనను లేదు" అని యెషయా 53లో చదివేటప్పుడు ఎవరికీ ఇబ్బంది ఉండదు, దాన్నే బొమ్మగా చూడమంటే ఉంటుంది.

నా పక్షాన మాట్లాడతారని నేను అనుకోని మనిషి మాట్లాడారు. బడి పంతులుగా రిటైరైన పెద్ద ఒకాయన అప్పటిదాకా నోరు విప్పలేదు. "యెహెజ్కేలు ప్రవక్త ఇటుక మీద యెరూషలేము గీసి దానికి ముట్టడి వేశాడు. తల గొరిగించుకుని వెంట్రుకలు తూకం వేసి మూడు పాళ్ళు చేశాడు. 390 రోజులు ఎడమ పక్కకే పడుకున్నాడు. అవన్నీ దేవుడు చెప్పి చేయించినవే. మన కమిటీ అప్పుడుంటే ఆ ఇటుక దగ్గరే ఆపేసేది" అన్నారు. అందరూ నవ్వారు. గదిలో బిగువు కాస్త సడలింది.

బెసలేలు గురించి నేను రాసిన పేరాను ఎవరూ పట్టించుకోలేదు. కళ గురించి మాట్లాడినంతసేపూ ముఖాల్లో మర్యాద కనిపించింది, అంతకుమించి ఏమీ లేదు. గుడ్ ఫ్రైడే ఆరాధనలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఒక్కో ప్రసంగం ఉంటుంది. ఎప్పుడైతే "నాలుగో మాట ప్రసంగం అయ్యాక మొదలుపెట్టి ఏడో మాట లోపు ముగిస్తాం" అన్నానో అప్పుడు అసలు ప్రశ్నలు మొదలయ్యాయి. చల్లేది ఎవరు? ఆ సమయంలో పాట ఉంటుందా, మౌనమా? చినుకులు ఎవరి మీదైనా పడతాయా? చిన్నపిల్లలు ఎక్కడ కూర్చుంటారు? ఆ ప్రశ్నలు వచ్చాక నాకు ధైర్యం వచ్చింది. సంఘం దాన్ని గోడకు తగిలించే వస్తువుగా కాక ఆరాధన క్రమంలో ఒక భాగంగా ఊహించుకోవడం మొదలుపెట్టిందన్నమాట. మీరు వెళ్ళేటప్పుడు మీ కళాభిప్రాయం ఒక వాక్యంలో చెప్పి, మిగతా సమయమంతా ఆరాధన క్రమానికి పెట్టండి. నా మాటల్లో మీకు అక్కరకొచ్చేది ఇదొక్కటే కావచ్చు.

ఫిబ్రవరి 23న చీటీ వచ్చింది. ఒప్పుకున్నారు, మూడు షరతులతో: ముందుగా నమూనా చూపించాలి, పక్కన వాక్యం రాసి అంటించాలి, శనివారం రాత్రికల్లా తీసేయాలి. డబ్బు పూల అలంకరణ ఖాతా నుంచి ఇస్తామన్నారు. అది చదివి సంతోషించాను కానీ, ఆ ఖాతాను ఏళ్ళుగా నడుపుతున్న స్త్రీల సమాజానికి ఆ విషయం ఎవరూ చెప్పలేదని తర్వాత తెలిసింది. ఈస్టర్ పూలకు తక్కువైతే ఎవరిది బాధ్యత అని వాళ్ళు నన్నే అడిగారు. వాళ్ళ కోపం న్యాయమైనదే. చివరకు దుప్పట్లు కుట్టింది కూడా వాళ్ళే కాబట్టి ఈ గొడవ తొందరగానే సర్దుకుంది.

మార్చి 5, భస్మ బుధవారం నాడు దుప్పట్లు అడుగుతూ ప్రకటన చేశారు. ఇక్కడ ఎదురైన చిక్కు నేను ఊహించనిది. పాతవి అడిగితే చాలామంది కొత్తవి తెచ్చారు. మడత విప్పనివి, అట్ట కూడా తీయనివి. "దేవుడికి పాతది ఇస్తామా అమ్మా?" అని ఒక పెద్దావిడ నన్నే మందలించింది. గుడ్డిదాన్నీ కుంటిదాన్నీ బలిగా తెస్తే తప్పు కాదా అని మలాకీ 1:8 ఎత్తి చూపింది. నా దగ్గర గట్టి జవాబు లేదు. నాకు కావలసింది మనుషులు పడుకున్న గుడ్డ, జ్వరం వచ్చినప్పుడు కప్పుకున్న గుడ్డ. ఆవిడకు కావలసింది మచ్చలేని అర్పణ. ఇద్దరి వెనకా వాక్యం ఉంది. ఆవిడ కొత్త దుప్పటి తీసుకున్నాను. కొత్త గుడ్డకు గంజి ఉంటుంది, అది పోతే తప్ప తుప్పు పట్టదు. వేడినీళ్ళలో మళ్ళీ మళ్ళీ ఉతికినా ఆ ముక్క మిగతావాటికంటే పాలిపోయే ఉంది. అలాగే కుట్టించాను. తర్వాత చూసినవాళ్ళలో చాలామంది "ఆ తెల్లటి భాగం ఏదో కావాలనే పెట్టినట్టున్నారు" అని అర్థాలు వెతికారు.

ఇంకొకావిడ భర్త చివరి రోజుల్లో వాడిన దుప్పటి తెచ్చింది. ఇచ్చేటప్పుడు ఏమీ అనలేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చి, "తిరిగి ఇవ్వక్కర్లేదు" అంది.

అచ్చుల పని నెలరోజులకు పైగా పట్టింది. వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి గుడ్డ తడపాలి. ఇనుము పేర్చి పైన ప్లాస్టిక్ కప్పి ఒకటి రెండు రోజులు వదిలేయాలి. కొట్లో దొరికే మెరిసే మేకులు దీనికి పనికిరావు. వాటికి జింకు పూత ఉంటుంది, తుప్పు పట్టకుండా ఉండటానికే ఆ పూత. పాత ఇనుము కొనేవాళ్ళ దగ్గర దొరికే వంకర మేకులు, కట్టుడు తీగ బాగా అచ్చు ఇచ్చాయి. పాలిస్టర్ కలిసిన గుడ్డ మీద రంగు నిలవదు. బ్లీచింగ్ పెట్టి ఉతికిన దుప్పట్లయితే ముందు మామూలు నీళ్ళలో బాగా జాడించాలి, బ్లీచింగూ వెనిగరూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. చేతికి తొడుగులు, కిటికీలు తెరిచిన గది తప్పనిసరి.

ప్లాస్టిక్ విప్పే క్షణం మాత్రం ఎన్నిసార్లు చూసినా పాతబడలేదు. గాలి సరిగా ఆడని చోట గుడ్డ బూడిద రంగులో, కాస్త పచ్చగా ఉంటుంది. ఏమీ పట్టలేదే అనిపిస్తుంది. గాలి తగిలిన కొద్దీ మేకు అంచుల నుంచి నారింజ రంగు పాకుతుంది. మేకు తల దగ్గర ముదురు గోధుమ, మొన దగ్గర పల్చని పసుపు. తీగ చుట్ట పెట్టిన చోట ముళ్ళ కిరీటంలా పడింది. అది నేను అనుకుని పెట్టింది కాదు.

పని జరిగినన్నాళ్ళూ నా ప్రార్థన బాగా తగ్గింది. చేసే పనే ప్రార్థన అంటారు కొందరు. నాకు అలా అనిపించలేదు. వెనిగర్ కంపు, నడుం నొప్పి, ఇది ఆరాధన కోసమా లేక నా పేరు కోసమా అన్న అనుమానం, ఇవే ఉన్నాయి. అయ్యగారి భార్యకు చెప్పుకుంటే, "రెండూ కొంచెం కొంచెం ఉంటాయిలే, పని ఆపకు" అన్నారు. దానికంటే గొప్ప ఆత్మీయ సలహా నాకు ఆ నెలలో దొరకలేదు.

మార్చి 23న నమూనా చూపించాను. చిన్న ముక్క మీద డికాషన్ చల్లితే చూస్తుండగానే నారింజ రంగు ఊదాగా, తర్వాత నల్లగా తిరిగింది. ముందే ఇంట్లో ప్రయత్నించి చూశాను కాబట్టి సరిపోయింది. అచ్చు తీశాక గుడ్డను బాగా కడిగి ఆరబెడితే డికాషన్ పడినా మసకబారుతుంది, అంతే. కడగకుండా కాస్త తడిగా ఉంచితేనే వేగంగా నల్లబడుతుంది. మధ్యయుగాల్లో వాక్యాన్ని చేత్తో రాసిన సిరాల్లో ఎక్కువ వాడినది ఇలాంటి కలయికేనని, మాచికాయ రసంలో ఇనుప లవణం కలిపి చేసేవారని చెప్పాను. అయ్యగారి ముఖం వెలిగింది. లెక్కల పెద్దాయన కూడా ఆ ముక్కను వేలితో తాకి చూశారు.

అప్పుడే కొత్త కోరిక వచ్చింది. అడుగున బంగారు రంగు అంచు ఒకటి పెడితే బాగుంటుంది, పునరుత్థానం కూడా కనిపించాలి కదా అని. నేను ఒప్పుకోలేదు. పునరుత్థానానికి దాని రోజు ఉంది. 88వ కీర్తన చీకటితోనే ముగుస్తుంది, దాని చివర ఎవరూ వెలుగు మాట అతికించలేదు. ఇలాంటి చోట తగ్గితే పని మిగలదు. మిగతా షరతులకు తలవంచినదాన్ని దీనికి వంచలేదు. శనివారం తీసేయాలని మీరే అన్నారు కదా, ఆదివారం పూలు వస్తాయి కదా అన్నాను. అయ్యగారు ఆ మాట పట్టుకుని చర్చ ముగించారు.

ఖర్చు విషయానికొస్తే, గుడ్డ ఉచితం, ఇనుము దాదాపు ఉచితం. డబ్బంతా ఎత్తు నిచ్చెనకు, వేలాడదీసే కమ్మీకి, నేల మీద పరచిన మందపాటి ప్లాస్టిక్‌కి, సాయానికి వచ్చిన వడ్రంగి కూలికి పోయింది. తడిసిన దుప్పట్ల బరువు ఎండిన వాటికంటే చాలా ఎక్కువ ఉంటుంది. వడ్రంగి ఆ మాట అన్నాకే కమ్మీని మార్చాం. మార్చకపోతే శుక్రవారం ఏమయ్యేదో.

ఏప్రిల్ 18, శుక్రవారం. పన్నెండుకు ఆరాధన మొదలైంది. మొదటి మూడు మాటల ప్రసంగాలూ అయ్యేదాకా పరదా నారింజ, గోధుమ రంగుల్లో దాదాపు అందంగానే ఉంది. "నా దేవా, నా దేవా" ప్రసంగం అయ్యాక ఇద్దరు యువకులు నిచ్చెన ఎక్కారు. మొక్కలకు మందు కొట్టే చేతి పంపులో డికాషన్ నింపాం. ఆ పంపు చేసే చప్పుడు గురించి మేమెవరం ఆలోచించలేదు. మౌన ప్రార్థనలో మందిరమంతా అదొక్కటే వినిపించింది, బుస్... బుస్... అని. పైగా దగ్గర్లోని మైకు దాన్ని పట్టుకుంది. నాకు చెమటలు పట్టాయి. ఆ తర్వాత చాలామంది నాతో చెప్పింది మాత్రం ఆ చప్పుడు గురించే, ఎవరో కష్టంగా ఊపిరి తీస్తున్నట్టు ఉందని.

నలుపు పైనుంచి చారలుగా దిగింది. సమంగా దిగలేదు. గంజి దుప్పటి దగ్గర ఆగి పక్కలకు తిరిగింది. ముందు వరసలో ఒక పిల్లాడు "ఇంకా నల్లగా అవుతుందా?" అని గట్టిగానే అడిగాడు, వాళ్ళమ్మ నోరు మూసింది. ఒక కుటుంబం లేచి వెళ్ళిపోయింది. భర్త దుప్పటి ఇచ్చినావిడ కళ్ళు ఎత్తి చూస్తూనే ఉంది, ఏడవలేదు. ఏడో మాట ప్రసంగం చేసిన ఆయన పరదా వైపు ఒక్కసారి కూడా చూపించకుండా తన ప్రసంగం తాను చేశారు. ఆయనకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

శనివారం రాత్రి దింపాం. నల్ల నీళ్ళు కారిన చోట్ల మెట్టు మీద మరకలు పడ్డాయి. నిమ్మ ఉప్పుతో రుద్దితే చాలావరకు పోయాయి, అన్నీ కాదు. ఫోన్లు, సందేశాలు వారం దాకా వచ్చాయి. "ఆత్మీయంగా లేదు" అన్న మాట చాలాసార్లు వినిపించింది. "ఆ మూడు గంటలు నేను మొదటిసారి గడియారం చూడలేదు" అన్నది ఒక్కరే, ఆయన కూడా కమిటీలో మొదట వద్దన్నవారే. వాసన గురించి ఫిర్యాదు చేసినవాళ్ళు ఈ రెండు మాటలూ అన్నవాళ్ళందరికంటే ఎక్కువ.

మే నెలలో ఆ పరదా ఫొటోలను ఒక సామూహిక ప్రదర్శనకు పంపాను. ఐదు వారాలకు జవాబు వచ్చింది: పని నచ్చింది, పేరు కింద ఉన్న వాక్యం రిఫరెన్సు తీసేస్తే బాగుంటుంది, చూసేవాళ్ళను ఒక మతానికి పరిమితం చేసినట్టవుతుంది. మందిరంలో అంటించి తీరాలన్న అదే కాగితం ఇక్కడ తీసేయాలట! 1573లో ఇటలీ చిత్రకారుడు వెరోనీస్ వేసిన ప్రభు రాత్రి భోజన చిత్రంలో విదూషకులు, జర్మన్ సైనికులు ఎందుకున్నారని కాథలిక్ చర్చి విచారణ సభ నిలదీసింది. దిద్దమని ఆజ్ఞ కూడా వేసింది. ఆయన చివరకు పేరు మార్చి "లేవీ ఇంట విందు" అని పెట్టి బయటపడ్డాడు. నేను పేరు మార్చలేదు. "మధ్యాహ్నం మొదలుకొని మూడు గంటల వరకు" అన్న పేరు ఉంచి రిఫరెన్సు కాగితం వదులుకున్నాను. తెలిసినవాళ్ళకు ఆ పేరు చాలు. తెలియనివాళ్ళు అడిగితే చెప్పొచ్చు. నిజం చెప్పాలంటే, మందిరంలో కూడా ఆ కాగితం నాకు ఇష్టం లేదు. జనం గుడ్డ చూడటం మానేసి కాగితం చదివి, "ఓహో అదా" అని వెళ్ళి కూర్చున్నారు.

ప్రదర్శనలో చల్లేది ఏమీ లేదు, నల్లబడిన గుడ్డే. ఒక సందర్శకుడు దీనికి ప్రార్థనతో సంబంధం ఉందా అని అడిగి, ఉందని చెప్పాక మర్యాదగా తల ఊపి పక్క పని దగ్గరకు వెళ్ళాడు. రెండు చోట్లా మర్యాద ఒకేలా ఉంటుంది.

ఇప్పుడు గుడ్డ పరిస్థితి: ఇనుము నూలును తినేస్తూ ఉంటుంది. మడిచిన చోట పిగులుతోంది. వంట సోడా కలిపిన నీళ్ళలో జాడించి, ఆరబెట్టి, మడవకుండా గొట్టానికి చుట్టి పెట్టాను. ఎన్నేళ్ళు ఉంటుందో చెప్పలేను. దుప్పట్లు ఇచ్చినవాళ్ళలో ఒకరు మాత్రం తమది తిరిగి కావాలన్నారు. కుట్లు విప్పి ఇవ్వాల్సి వచ్చింది, ఆ ఖాళీ అలాగే ఉంది.

ఆగస్టులో అయ్యగారు ఫోన్ చేశారు. క్రిస్మస్‌కి ఏదైనా చేస్తావా అమ్మా, కాస్త రంగులు ఉండేలా చూడు అన్నారు. చేస్తానన్నాను. పంపు లేకుండా చేస్తానని కూడా చెప్పాను, ఆయన నవ్వారు. ఈసారి నేను పెట్టిన షరతు ఒకటే, కమిటీ నిర్ణయం ఏ తేదీకి చెబుతుందో ముందే చెప్పాలని. అక్టోబరు నెలాఖరు అన్నారు.